ముందు బ్యాటరీ తీగ, ఆ తర్వాత తవక్కుల్

మన ముహల్లాలలో మెకానిక్ షెడ్డు లేని వీధి అరుదు. విజయవాడ ఆటోనగర్ మొదలుకొని చిన్న పట్టణంలో బస్టాండు వెనుక సందు వరకు, ఇంజన్లు విప్పే చేతులలో మన బిడ్డల చేతులు ఎన్నో ఉన్నాయి. ఉస్తాద్ దగ్గర షాగిర్దుగా చేరి, నాలుగైదేళ్ళలో పని నేర్చి, ఇంటిని నిలబెట్టిన యువకులను మేము ఎందరినో ఎరుగుదుము. అది కష్టంతో కూడిన హలాల్ సంపాదన. అయితే ఇరవై ఏళ్ళ కిందట ఉస్తాద్ నేర్చుకున్న కారు వేరు, నేడు షాగిర్దు ముందుకు వస్తున్న కారు వేరు. 2019 జూలై 1 నుండి మన దేశంలో ప్రతి కొత్త కారులోనూ డ్రైవరు ఎదుట ఎయిర్‌బ్యాగ్ ఉండితీరాలన్న నిబంధన వచ్చింది. 2021 ముగిసేనాటికి పక్క సీటుకు కూడా అది తప్పనిసరి అయింది. అంటే స్టీరింగు మధ్యలో చిన్నపాటి మందుగుండు అమర్చిన వాహనమే ఇప్పుడు షెడ్డుకు వస్తున్నది. హారన్ పనిచేయడం లేదనో, స్టీరింగు బిగుసుకుపోయిందనో పాత అలవాటు ప్రకారం విప్పడానికి పూనుకుంటే చేయి పడేది దాని మీదనే.

ఎయిర్‌బ్యాగ్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఈ జాగ్రత్త ఎందుకో అర్థమవుతుంది. వాహనం ఢీకొన్న క్షణాన్ని సెన్సర్లు గుర్తించగానే కంట్రోల్ యూనిట్ స్వల్పమైన విద్యుత్తును ఇన్‌ఫ్లేటర్‌కు పంపుతుంది. అందులోని రసాయనం మండి వాయువుగా మారుతుంది. సెకనులో సుమారు ముప్ఫయ్యో వంతు కాలంలో, గంటకు 300 కిలోమీటర్లకు చేరే వేగంతో సంచి బయటికి దూకుతుంది. బెల్టు కట్టుకుని వెనక్కి ఆనుకుని కూర్చున్న మనిషికి అది రక్షణ. స్టీరింగు మీదికి వంగి స్క్రూ విప్పుతున్న వానికి అదే ముఖాన్ని, కళ్ళను, చేతులను గాయపరచే దెబ్బ. పైగా, ప్రమాదంలో బ్యాటరీ నుజ్జయిపోయినా సంచి తెరుచుకోవాలన్న ఉద్దేశంతో కంట్రోల్ యూనిట్‌లోని కెపాసిటర్ కొంత విద్యుత్తును దాచి ఉంచుతుంది. అందువల్ల బ్యాటరీ తీగను తీసివేసిన తర్వాత కూడా ప్రమాదం కొంతసేపు అక్కడే పొంచి ఉంటుంది.

ఒంటెను కట్టి అల్లాహ్‌పై భారం వేయాలా, కట్టకుండా వదిలి భారం వేయాలా అని అడిగిన వ్యక్తికి దైవప్రవక్త (స) ముందు కట్టమని, ఆ పిమ్మట అల్లాహ్‌ను నమ్మమని బోధించిన సంగతి తిర్మిజీ హదీసు గ్రంథంలో ఉంది. మన షెడ్లలో మాత్రం 'అల్లాహ్ ఉన్నాడు, ఏమీ కాదులే' అన్న మాట పనికి ముందే వినిపిస్తుంది. దానిని తవక్కుల్ అని పిలవడానికి మేము ఒప్పుకోము. ఇక్కడ కట్టవలసిన తాడు బ్యాటరీ నెగెటివ్ తీగ. ఇంజన్ ఆపి, తాళంచెవి తీసి, నెగెటివ్ తీగను ముందుగా విప్పి, అది తిరిగి తగలకుండా గుడ్డ చుట్టి పక్కకు పెట్టి, ఆగాలి. ఎంతసేపు ఆగాలన్నది కారును బట్టి ఉంటుంది. కంపెనీల సర్వీస్ పుస్తకాలలో కొన్ని 90 సెకన్లు అంటాయి, కొన్ని 3 నిమిషాలు అంటాయి, ఇంకా ఎక్కువ అడిగేవీ ఉన్నాయి. ఆ కారు పుస్తకం చెప్పిందే ప్రమాణం. పుస్తకం అందుబాటులో లేనప్పుడు పది నిమిషాలకు తగ్గకుండా వేచి ఉండడం మేలు. వుజూ చేసుకుని రావడానికి పట్టే సమయం కంటే అది మరీ ఎక్కువేమీ కాదు!

ఎయిర్‌బ్యాగ్ తీగలకు, కనెక్టర్లకు సాధారణంగా పసుపు రంగు ఉంటుంది. ఆ రంగు కనిపించిన చోట టెస్ట్ ల్యాంపును గాని, మల్టీమీటరును గాని ఆనించరాదు. మీటరు పంపే కొద్దిపాటి విద్యుత్తుకే ఇన్‌ఫ్లేటర్ మండవచ్చు. తెగిన తీగను మెలిపెట్టి టేపు చుట్టే అలవాటు ఇక్కడ పనికిరాదు. విప్పిన ఎయిర్‌బ్యాగ్‌ను మోసేటప్పుడు సంచి తెరుచుకునే ముఖం మన శరీరం వైపు కాక బయటివైపు ఉండాలి. బల్ల మీద పెట్టేటప్పుడు ఆ ముఖం పైకి ఉండాలి. బోర్లా పెట్టినది పొరపాటున పేలితే మొత్తం భాగమే ఎగిరి మనిషిని కొడుతుంది. గ్యాస్ కట్టర్‌కు, వెల్డింగ్ రవ్వలకు దానిని దూరంగా ఉంచాలి. పేలని ఎయిర్‌బ్యాగ్‌ను పాత ఇనుము వానికి వేయడమంటే మన ప్రమాదాన్ని మరొకరి ఇంటికి పంపడమే.

పాత కార్లు కొనేవారు తకాటా పేరు గుర్తుంచుకోవాలి. అమ్మోనియం నైట్రేట్ వాడి ఆ జపాన్ సంస్థ చేసిన ఇన్‌ఫ్లేటర్లు ఏళ్ళ తరబడి వేడికి, గాలిలోని తేమకు లోనై చెడిపోయి, తెరుచుకునేటప్పుడు లోహపు తునకలను విసిరి పలు దేశాలలో ప్రాణాలు తీశాయి. కోట్ల వాహనాలను వెనక్కి పిలవవలసి వచ్చింది. 2017లో ఆ సంస్థ దివాలా తీసింది. మన దేశంలోనూ హోండా వంటి కంపెనీలు ఆ భాగాలను ఉచితంగా మార్చాయి. ఛాసిస్ నంబరు ఇచ్చి అడిగితే మన కారు ఆ జాబితాలో ఉందో లేదో కంపెనీ డీలరు చెబుతాడు. ఎండ, ఉక్క రెండూ ఎక్కువగా ఉండే కోస్తా జిల్లాలవారు దీనిని వాయిదా వేయకూడదు.

మరొక సంగతి చెప్పడానికి మాకు కష్టంగానే ఉంది. ప్రమాదంలో తెరుచుకున్న ఎయిర్‌బ్యాగ్‌ను మార్చడం ఖర్చుతో కూడిన పని. అందుకని కొందరు పైమూతను మాత్రం అతికించి, లోపల సంచి స్థానంలో చిన్న రెసిస్టర్ పెట్టి, డాష్‌బోర్డు మీది హెచ్చరిక దీపం వెలగకుండా చేస్తారు. కారు మెరుస్తూ అమ్మకానికి వస్తుంది. దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి, పైన ఎండినది, అడుగున తడిసినది ఉండడం చూసి, మోసగించేవాడు తన వాడు కాదని హెచ్చరించిన ఉదంతం ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది. ఆ వ్యాపారి దాచినది తడి ధాన్యం. ఈ రెసిస్టర్ దాచేది ఒక తండ్రి తన పిల్లలను ఎక్కించుకుని వెళ్ళే కారులో రక్షణ లేదన్న నిజం. యజమాని అడిగాడు గనుక చేశామన్న సమాధానం మెకానిక్‌ను కాపాడదు. కొనేవారికి ఒక చిన్న పరీక్ష ఉంది. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ దీపం కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవాలి. అసలు వెలగకపోయినా, వెలిగి ఆరకపోయినా అనుమానించి, కంపెనీ సర్వీసు కేంద్రంలో స్కానరుతో చూపించాలి.

ఇంటివారి చేతిలో ఉన్న జాగ్రత్త కూడా ఒకటి ఉంది. మన కార్లలో పక్క సీటు ఎదుట డాష్‌బోర్డు మీద ఆయతుల్ కుర్సీ ఫలకాన్నో, కాబా నమూనానో, అత్తరు సీసానో జిగురుతో అంటించుకుంటాము. చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్ బయటికి వచ్చే మూత అదే. అది తెరుచుకున్ననాడు ఆ ఫలకం ముందు కూర్చున్న ఇల్లాలి ముఖానికి రాయిలా తగులుతుంది. అల్లాహ్ వాక్యం పట్ల ప్రేమ మంచిదే, కాని దాని స్థానం అక్కడ కాదు. అలాగే పసిబిడ్డను ఒడిలో పెట్టుకుని ముందు సీటులో కూర్చోవడం మానాలి. పిల్లల చోటు వెనుక సీటే.

ఇంధనం విషయానికి వస్తే, 2023 నవంబరు 13న హైదరాబాదు నాంపల్లి బజార్‌ఘాట్‌లో జరిగిన దానిని మన సముదాయం మరువరాదు. ఒక అపార్టుమెంటు కింది భాగంలో నిల్వ ఉంచిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని, పై అంతస్తులలోని కుటుంబాలను పొగ, మంట చుట్టుముట్టాయి. ఆ రోజు 9 మంది మరణించారు. కింద కారు మరమ్మతు జరుగుతుండగా లేచిన నిప్పురవ్వలే కారణమని అధికారులు తొలుత తెలిపారు. ఇళ్ళ కింద మరమ్మతు పని, దాని పక్కనే మండే సరుకు! ఈ దృశ్యం మనకు ఎన్ని వీధులలో కనిపించడం లేదు?

పెట్రోలు కంటే దాని ఆవిరి ప్రమాదకరం. అది గాలికన్నా బరువైనది గనుక నేలను పట్టుకుని పాకి, కారు కింది గుంతలో పేరుకుంటుంది. ఖాళీ ట్యాంకులో నిండుగా ఉండేది ఆ ఆవిరే. అందుకే ఖాళీ ట్యాంకు కదా అని వెల్డింగ్ పెట్టినవారు ప్రాణాలు పోగొట్టుకుంటారు. ఇంజెక్షన్ ఇంజన్ల ఇంధన గొట్టంలో ఇంజన్ ఆగిన తర్వాత కూడా ఒత్తిడి నిలిచి ఉంటుంది. పంపు ఫ్యూజు తీసి, ఇంజన్ తనంతట తాను ఆగేవరకు నడిపి, ఆపై బ్యాటరీ తీగ విప్పి, గొట్టం చుట్టూ గుడ్డ పెట్టి మెల్లగా వదులు చేయాలి. పైపు నోట పెట్టి పెట్రోలు పీల్చే పని షాగిర్దుకు అప్పగించే ఉస్తాద్ ఒక్క క్షణం ఆలోచించాలి. గుక్కెడు పెట్రోలు ఊపిరితిత్తులలోకి పోతే అది ప్రాణాపాయం. చేతితో నొక్కే పంపుకు ఎంత ఖర్చవుతుంది గనుక!

డీజిల్ కామన్ రైల్ ఇంజన్లలో ఒత్తిడి 1600 బార్లను దాటవచ్చు. మన కారు టైరులో ఉండేది రెండున్నర బార్ల లోపే. ఇంజన్ నడుస్తుండగా లీకును వేలితో తడిమితే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత చుక్కే కనిపిస్తుంది, మొదట నొప్పి కూడా అంతగా ఉండదు. ఆ గాయానికి వెంటనే శస్త్రచికిత్స జరగకపోతే వేలినో, చేతినో కోల్పోవచ్చు. ఆసుపత్రిలో 'గుచ్చుకుంది' అని ఊరుకోక, ఒత్తిడితో డీజిల్ లోపలికి ఎక్కిందని స్పష్టంగా చెప్పాలి. లీకు వెతకడానికి అట్టముక్క చాలు. సి.ఎన్.జి. సిలిండరులో 200 బార్ల ఒత్తిడి ఉంటుంది. దానికి మూడేళ్ళకొకసారి జరిగే పరీక్షను ఆటో నడిపే సోదరులు తప్పించుకోరాదు.

విద్యుత్ పని చేసేటప్పుడు చేతి ఉంగరం, గడియారం తీసివేయాలి. స్పానరుకు, బాడీకి మధ్య ఇరుక్కున్న ఉంగరం క్షణంలో ఎర్రగా కాలి వేలిని కాలుస్తుంది. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు తీగలుంటాయి. వాటిలో వందల వోల్టుల విద్యుత్తు ఉంటుంది గనుక ప్రత్యేక శిక్షణ లేనివారు వాటిని ముట్టుకోనే కూడదు.

వైద్యం ఎరుగని వ్యక్తి చికిత్సకు పూనుకుంటే జరిగిన హానికి అతడే బాధ్యుడన్న ఉల్లేఖనం అబూ దావూద్ గ్రంథంలో ఉంది. ఈ సూత్రాన్ని మన షెడ్డుకు అన్వయించడం కష్టమేమీ కాదు. తెలియని పని వచ్చినప్పుడు 'ఇది నా చేతిలో లేదు, కంపెనీకి తీసుకువెళ్ళండి' అనగలగడం ఉస్తాద్‌కు చిన్నతనం కాదు. ఐ.టి.ఐ.లో మోటారు వాహనాల మెకానిక్ కోర్సు రెండేళ్ళే. పిల్లవాణ్ణి నేరుగా షెడ్డుకు పంపే తండ్రులు దాని గురించి కూడా విచారించాలి. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను పనిలో పెట్టడం చట్టరీత్యా నేరం. మండే పదార్థాలతో పని పద్దెనిమిది నిండేవరకు నిషిద్ధం. ఈ బాధ్యతలో కారు యజమానికి కూడా వాటా ఉంది. గంటలో కావాలని తొందరపెట్టి, పది నిమిషాలు ఆగిన పిల్లవాణ్ణి సోమరి అని తిట్టేది అతడే కదా.

సాయంత్రం ఇంటికి వచ్చిన బట్టలకు పెట్రోలు వాసన ఉంటే వాటిని వంటింటి వైపు తేనీయక, ఆరుబయట ఆరవేసి, విడిగా ఉతకాలి. మిగిలిన పెట్రోలును నీళ్ళ సీసాలో పోసి గూటిలో పెట్టడం మరీ ప్రమాదకరం. పిల్లలు దాహానికి అదే ఎత్తి తాగుతారు. తాగితే వాంతి చేయించకూడదు. ఉప్పునీళ్ళు, పాలు పట్టించే ప్రయత్నం మాని వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి, ఆ సీసాను కూడా వెంట పట్టుకుపోయి వైద్యునికి చూపించాలి.