ఎండ అందరిదీ, భూమి ఎవరిది?

పొద్దు గూకితే సోలారు కరెంటు ఎట్లా అని అడుగుతున్నారు. ప్రశ్న తప్పు కాదు. మన వాడల్లో పిల్లలు పుస్తకం పట్టేది సాయంత్రమే.

మరి బొగ్గు మాత్రం నమ్మకమైందా? 2021 అక్టోబరులో దేశమంతా బొగ్గు నిల్వలు అడుగంటాయి. 2022 ఏప్రిల్లో ఆంధ్రలో ఫ్యాక్టరీలకు పవర్ హాలిడే పెట్టారు. ఎండకూ ఒక దారి ఉంది. పగటి కరెంటుతో నీళ్లు పైకి తోడి, రాత్రి కిందికి వదిలి టర్బైన్లు తిప్పొచ్చు. అట్లా వెనక్కి తోడే యంత్రాలు నాగార్జునసాగర్లో, శ్రీశైలం ఎడమగట్టున ఎప్పట్నుంచో ఉన్నాయి. ఇట్లా దాచుకునే ఏర్పాటు పెరిగినకొద్దీ బొగ్గు తగ్గుతుంది. ఒక్కరోజులో కాదు.

మా ప్రశ్న వేరు. మెగావాటుకు సుమారు అయిదెకరాలు కావాలి. 2017లో మొదలైన కర్నూలు సోలార్ పార్కు 1000 మెగావాట్లది. దానికింద పోయిన నేల ఆరువేల ఎకరాలకు దగ్గర. సర్కారు కాగితాల్లో 'బీడు' అని రాసే నేలల్లోనే మన డి-పట్టాలుంటాయి, మన మేకలు మేస్తాయి. 1977 చట్టం అసైన్డు భూమిని పేదోడు అమ్ముకోరాదంది. అదే భూమిని 'ప్రజాప్రయోజనం' పేరుతో సర్కారు వెనక్కి గుంజుకుంటూ వచ్చింది. పేదోడు అమ్మితే నేరం, సర్కారు గుంజుకుంటే అభివృద్ధా?

సోలారు రావాలి. కానీ పట్టా మన పేరనే ఉండాలి. ఏటేటా కౌలు రావాలి. ఆ నేల మీద బతికిన భూమిలేని కూలోళ్లకూ వాటా దక్కాలి. అన్నలారా, అక్కలారా! కాగితం చదివించుకోకుండా వేలిముద్ర వెయ్యొద్దు.

జై భీమ్!