అభిమాన రచయిత త్రోవ మార్చినపుడు



యండమూరి వీరేంద్రనాథ్ గారి 'తులసిదళం' చదివిన రాత్రి దీపమార్పుటకు జంకనివారు మనలో నెందరు? ఆయన 'అభిలాష' 1983లో చలనచిత్రమైనపుడు మేమింకను పుట్టలేదు; అయినను మా తల్లిగారి పెట్టెలోని ఆ నవలలే మాకు యౌవనమున నేస్తములు.

మొన్న ఎల్.బి.నగర్‌లో మెట్రో యెక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి, పాతపుస్తకముల యంగడిలో ఆయన గ్రంథమొకటి కొంటిమి. పేరు 'విజయానికి ఐదు మెట్లు'. ఆ మెట్లు ఏ పాడుకోటవో యనుకొంటిమి! పిల్లలు నిద్రించిన పిదప తెరచి చూతుముగదా, చేతబడి లేదు, హత్య లేదు, అంతయు వ్యక్తిత్వవికాసమే. భయము కోరిన మాకు హితము దొరకెను. మిక్కిలి చిన్నబోతిమి.

మా వారు నవ్వి, "నిత్యము పులుసు వండు నీవు ఒకనాడు పాయసము చేసిన నేనలుగుదునా?" అనిరి. నిజమే. శృంగారనైషధము వ్రాసిన శ్రీనాథుడే కాశీఖండమును రచించెను. రెంటిని మనము తలదాల్చుచున్నాము.

పోటీపరీక్షలో తప్పి, శిక్షణాలయమునకు పోవుట మానిన పొరుగింటి బాలిక ఆ పుస్తకమును కొనిపోయెను. నాలుగు దినములు విడువలేదు. ఐదవనాడు సంచి భుజమున వైచుకొని మరల బయలుదేరెను. అది పుస్తకమహిమయే యని మేమనజాలము. కాని మనకు రుచింపని వంట వేరొకరి యాకలి తీర్చునని మాత్రము తెలిసికొంటిమి.

అయినను సోదరీమణులారా, ఆయన మరల భయపెట్టుదునన్నచో దీపము దగ్గరకు జరుపుకొని కూర్చుండుటకు మేము సిద్ధమే!