భారము – యోగ్యత

జహీరాబాదు ప్రాంతపు జాతరలలో కుస్తీ పోటీలు జరుగుట పరిపాటి. కొబ్బరికాయ పందెముతో మొదలైన పట్లు వెండి కడెపు పట్టుతో ముగియును. అచ్చట త్రాసు లేదు. పెద్దలు ఇరువురు మల్లులను ఎదురెదుట నిలిపి, కంటితోనే తూచి, జోడు సరిపోయినదని తలయూపుదురు. ఆ గుంపులో నిలిచి చూచిన వారెరుగని విషయము కాదు: కడెము గెలిచిన వస్తాదు పేరు ఒకనాడు వినబడును, తనకంటె బరువైన వానిని వెల్లకిల త్రిప్పిన బక్కవాని పేరు మరుసటి జాతర వరకు బజారులో వినబడుచునే యుండును. ఈ లోకానుభవమే నేడు ప్రపంచ ముష్టియుద్ధ రంగమున నొక వివాదముగా రూపొందినది. ‘పౌనుకు పౌను’ అను పేర యోధుల యోగ్యతను లెక్కించు పట్టీలో హెవీవెయిట్ యోధులకు, అనగా గురుభార యోధులకు, స్థాన మీయవచ్చునా, కూడదా అనునదే యా వివాదము.

ఈ పట్టీ యేల పుట్టినదో ముందుగా విచారింతము. కంసుని రంగస్థలమున చాణూర ముష్టికుల యెదుట బాలురైన కృష్ణ బలరాములను నిలిపినప్పుడు, ఇది ధర్మము గాదని మధురాపుర స్త్రీలు వాపోయిరని భాగవతము చెప్పుచున్నది. ఆ వనితల న్యాయబుద్ధియే పాశ్చాత్యదేశములలో చాల కాలమునకు శాసనరూపము దాల్చెను. 1909లో లండను నగరపు నేషనల్ స్పోర్టింగ్ క్లబ్బువారు యోధులను తూకమును బట్టి ఎనిమిది తరగతులుగా విభజించిరి. న్యాయము జరిగెను; కాని దానివెంట నొక లోపము కూడ వచ్చెను. తేలికవాడెంత నేర్పరియైనను, లోకము ‘ప్రపంచవీరు’డని జేజేలు పలుకునది బరువైన వానికే. ధనము వానిదే, కీర్తియు వానిదే. షుగర్ రే రాబిన్‌సన్ వంటి మధ్యమభారపు నిపుణునికి న్యాయము చేయగోరిన విమర్శకులు, ‘అందరును సమాన భారము గలవారే యైనచో మేటి యెవడు?’ అను ప్రశ్నను ప్రచారము చేసిరి. 1922లో న్యూయార్కున స్థాపింపబడిన ‘రింగ్’ పత్రిక 1989లో ఇట్టి పట్టీని ప్రకటింప నారంభించెను. వింత యేమనగా, చిన్నవారి కొరకు పుట్టిన యా పట్టీలో మొట్టమొదటి పేరు గురుభార యోధుడైన మైక్ టైసన్‌ది!

కూడదను వారి వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. గురుభారునికి పైన మరియొక తరగతి లేదు. కాన అతడు పైకెక్కి తన నేర్పును పరీక్షకు పెట్టజాలడు. తేలికవా రట్లు కాదు. టెరెన్స్ క్రాఫర్డు 135 పౌనుల తరగతిలో ప్రపంచాధిపత్యము నార్జించి, మెట్టు మెట్టుగా నెక్కి, 2025 సెప్టెంబరులో 168 పౌనుల తరగతిలో కనేలో అల్వరెజును జయించెను. జపాను వీరుడు నవోయా ఇనోయె 108 పౌనులలో మొదలిడి 122 పౌనుల వరకు నెక్కెను. సర్వమును అనుభవించుచున్న పెద్దవానికి పేదవాని కంచములోని మెతుకులు కూడ నేల యని వారడుగుచున్నారు.

ఈ ప్రశ్నలో ధర్మమున్నది. కాని యొక విషయమును వారు మరచుచున్నారు. తక్కిన తరగతులన్నిటికిని పైహద్దు కలదు. గురుభారమునకు మాత్రము పైహద్దు లేదు. 200 పౌనులు మించిన వాడెవడైనను అందులో పోరవచ్చును. కావున, మిక్కిలి యసమానమైన బరువులు నిజముగా ఎదురుపడునది ఈ యొక్క తరగతిలోనే. మిగిలినచోట్ల ఊహించి చెప్పవలసిన దానిని ఇచ్చట కన్నులార చూడవచ్చును. 1919లో డెంప్సీ 187 పౌనులతో 245 పౌనుల విల్లర్డును కూలద్రోసెను. 1935లో జో లూయీ 196 పౌనులతో 260 పౌనుల కార్నెరాను ఆరవ ఆవృత్తిలో నిలువరించెను. మన కాలమున ఉక్రెయిను దేశీయుడు ఒలెక్సాందర్ ఊసిక్ 2018లో క్రింది తరగతి పట్టములన్నియు గెలిచి, పైకి వచ్చి, 2024 మే నెలలో రియాదు నగరమున టైసన్ ఫ్యూరీని ఓడించెను. ఆ డిసెంబరులో మరల తలపడినప్పుడు ఊసిక్ తూకము 226 పౌనులు, ఫ్యూరీ తూకము 281. ఏబదియైదు పౌనులు, అనగా దాదాపు ఇరువదియైదు కిలోల వ్యత్యాసము! ముగ్గురు న్యాయనిర్ణేతలును ఊసిక్‌కే జయము పలికిరి. ఇట్టివానికి పట్టీలో చోటు లేదనుట, జాతరలో వస్తాదును పడగొట్టిన బక్కవానిని, నీవును పెద్దల వరుసలోనే దిగితివి గదా యని కడెము లేకుండ పంపివేయుట వంటిది.

కావున మా నిర్ణయ మిది: గురుభారుడగుట అర్హతయు గాదు, అనర్హతయు గాదు. ప్రత్యర్థిపై తన బరువును మోపి యలయించి గెలుచు వానికి వాని తరగతి పట్టమే చాలును. తనకంటె బరువైన వానిని అడుగుల పొందిక చేతను, కాలజ్ఞానము చేతను, ధైర్యము చేతను జయించిన వానికి పట్టీలో స్థానము న్యాయార్జితము.

మరియొక హెచ్చరిక. ‘పౌనుకు పౌను’ అను మాటను అక్షరాల పట్టుకొని, బలమును బరువుతో భాగించుట తగదు. శరీరము అన్ని దిక్కుల రెట్టింపైనచో కండరపు అడ్డుకోత వైశాల్యము నాలుగింతలగును, బరువు ఎనిమిదింతలగును. ఆ లెక్కన చీమయే మహామల్లుడు! తూకమునకు విలువ యెంతవరకో మన తెలుగుబిడ్డ పాల్గొన్న పోటీయే తెలుపుచున్నది. 2000 సంవత్సరమున సిడ్నీలో శ్రీకాకుళమునకు చెందిన కరణం మల్లీశ్వరి 69 కిలోల తరగతిలో 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకము నొందిన తొలి భారత మహిళ యయ్యెను. ఆనాడు ఆమెకు పైనున్న చైనా, హంగేరీ వనితలిరువురును సరిగా 242.5 కిలోలే ఎత్తిరి. స్వర్ణము చైనా వనితకు దక్కెను. ఏలయన ఆమె శరీరము తేలికైనది. ఎత్తిన భారము సమానమైనప్పుడే దేహభారము త్రాసునకెక్కెను. మొదట కార్యము, పిదప తూకము: న్యాయమైన వరుస యిదియే.

దూరదేశపు పట్టీతో మనకేమి పని యని చదువరులు అడుగవచ్చును. పని కలదు. కోడి రామమూర్తి నాయుడుగారిని ‘కలియుగ భీము’డని కొనియాడిన జాతి మనది. ఆ గౌరవము తగినదే. కాని భీముని మాత్రమే బలవంతుడనుకొను అలవాటు మనలను వీడలేదు. నిజామాబాదు బాలిక నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబులున 52 కిలోల తరగతిలోను, 2023లో ఢిల్లీలో 50 కిలోల తరగతిలోను ప్రపంచ విజేత యైనది. ఆ యూరివాడే యైన హుసాముద్దీను 2023లో తాష్కెంటున 57 కిలోల తరగతిలో కాంస్యము తెచ్చెను. మన తాలీములలో నేడు మట్టి పూసుకొనుచున్న సన్నని బాలురు, సన్నని బాలికలు ఎందరు వీరి దారిన నడువగలవారో! వారిని చూచి ‘నీకు తిండి చాలదురా’ అని నవ్వుట మానవలెను. అట్లే దొడ్డవానిని చూచి ‘వీనికి విద్య యేల, బరువే చాలును’ అనుటయు మానవలెను. మొదటి మాట చిన్నవాని ధైర్యమును చంపును. రెండవది పెద్దవాని నేర్పును చంపును.

రానున్న జాతరల నిర్వాహకులకు మా విన్నప మొక్కటి. కుస్తీ బరి యొద్ద నొక త్రాసు నుంచుడు. బాలురను తూచి జోడు కట్టుడు. తేలికవారి చివరి పట్టునకును వెండి కడెమే బహుమతిగా నుంచుడు. పెద్దవారి బరి మాత్రము హద్దు లేక తెరచియుంచుడు. అందు తనకంటె బరువైన వానిని గెలిచినవాడు ఎవ్వడైనను, వాని భుజము తట్టుటకు వెనుదీయకుడు. త్రాసు జోడును కూర్చుటకే గాని యోగ్యతను తేల్చుటకు గాదు. యోగ్యతను తేల్చునది బరియే.