మాటను కంటికి చూపించండి

సింగపూర్‌లో ప్రమాద హెచ్చరిక బోర్డు కూడా ఇంగ్లీషు, చైనీస్, మలయ్, తమిళం నాలుగింట్లోనూ ఉంటుంది. ఆ శ్రద్ధ చూసి ముచ్చటపడే మన తెలుగువాళ్ళు ఒక్క సంగతి వినాలి. ఈ గడ్డ మీదే ఏడు దశాబ్దాలుగా పెరిగిన సింగపూర్ సంజ్ఞా భాషకు ఇప్పటికీ అధికార హోదా లేదు.

షాంఘైలో పుట్టి, చిన్నప్పుడే వినికిడి పోగొట్టుకున్న పెంగ్ త్సు యింగ్ 1954లో ఇక్కడ బధిర పిల్లలకు బడి పెట్టాడు. ఆయన తెచ్చిన షాంఘై సైగల్లో 1970ల్లో అమెరికన్ సైగలు కలిశాయి. పిల్లలు తమవీ చేర్చుకున్నారు. భాష పుట్టడమంటే ఇదే కదా! ఆ పరంపరలోని బధిరుల పాఠశాల 2017లో మూతపడింది. మరుసటి ఏడాది నుంచి మేఫ్లవర్ ప్రాథమిక పాఠశాలలో సంజ్ఞా భాషతో చదువుకునే ఏర్పాటు చేశారు. బడ్జెట్ ప్రసంగానికి తెర మూలన దుబాసీ కనిపిస్తున్నారు. సంతోషం. కానీ ఇవన్నీ దయతో ఇచ్చినవి, రేపు తీసేస్తే అడిగే హక్కు వినికిడి లేని మాకు లేదు. వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్య సమితి ఒడంబడికను సింగపూర్ 2013లో ఆమోదించింది. సంజ్ఞా భాషలను గుర్తించి ప్రోత్సహించాలని దాని 21వ అధికరణం స్పష్టంగా చెబుతోంది. ఇన్నేళ్ళుగా దేనికోసం ఆగారు?

అడిగితే వినికిడి మిషన్ చూపిస్తారు. అర్హులైన వృద్ధ పౌరులకు వినికిడి యంత్రం ధరలో 90 శాతం దాకా ప్రభుత్వమే భరిస్తుంది. అది చిన్న సాయం కాదు, ఒప్పుకుంటాను. అయితే కళ్ళజోడు పెట్టుకోగానే చూపు సర్దుకున్నట్టు మిషన్ పెట్టుకోగానే చెవి సర్దుకోదు. లోపలి చెవిలో చచ్చిపోయిన సూక్ష్మ కణాలు మళ్ళీ మొలవవు. మిషన్ ధ్వనిని పెంచుతుంది, తెంపులు తెంపులుగా అందే మాటను అతకలేదు. హాకర్ సెంటర్‌లో పళ్ళేల చప్పుడు, ఫ్యాన్ల హోరు, పక్క బల్ల నవ్వులు అన్నీ కలిసి పెరుగుతాయి, ఎదుటి మనిషి మాట వాటికింద మునిగిపోతుంది. పెదవులు చూసి పట్టుకుందామంటే పాట, బాట, మాట మూడూ పెదవుల మీద ఒక్కటే. 2020 ఏప్రిల్‌లో మాస్కులు తప్పనిసరి చేశాక ఆ పెదవులూ కనబడలేదు. భవనాల్లోపల మాస్కు నిబంధన సడలింది 2022 ఆగస్టు చివర్లో! అంతకాలం బ్యాంకు కౌంటరు దగ్గర, ఆస్పత్రి కిటికీ దగ్గర తలలూపి బయటపడ్డవాళ్ళం మేం. డాక్టరు చెప్పిన మందు మోతాదుకు కూడా తల ఊపిన మనుషులున్నారు.

సొరంగంలో రైలు ఆగి మైకులో ఏదో ప్రకటన మోగితే, అందరూ లేచారని మేమూ లేస్తాం. ఎందుకు లేచామో మాకు తెలియదు. మైకులో పలికిన ప్రతి మాటా ఆ క్షణంలోనే తెర మీద అక్షరాలుగా రావాలి. దీన్ని చట్టంలో రాయాలి. దుబాసీల జీతాలు బతకడానికి సరిపోవాలి, అప్పుడే యువతరం ఆ వృత్తిలోకి వస్తుంది. 2025 జనవరిలో పార్లమెంటు ఆమోదించిన ఉద్యోగ న్యాయ చట్టం వైకల్యం పేరుతో వివక్ష చూపకూడదంటుంది. కానీ 25 మందికంటే తక్కువ ఉద్యోగులున్న సంస్థలకు మినహాయింపు ఉంది. చిన్న సంస్థలో పనిచేసే బధిరుడు ఎవరి దగ్గరికి పోవాలి?

ఇక మన ఇంటి సంగతి. తెలుగు సభల్లో పంచాంగ శ్రవణం, అవధానం, హరికథ అన్నీ చెవికే. పిల్లల దగ్గరికని వచ్చిన తాతలు, అమ్మమ్మలు మొదటి వరసలో కూర్చుని అందరితోపాటు చప్పట్లు కొడతారు. "పెద్దాయనకి వినబడదులే" అని మనమే మైకు తిప్పేస్తాం. ప్రపంచంలో 43 కోట్ల మందికి వినికిడి లోపానికి చికిత్సో పునరావాసమో అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లోనే చెప్పింది. వాళ్ళలో మన పెద్దలు లేరా?

హాలు చుట్టూ ఒక తీగ చుట్టి మైకుకు కలిపితే, ఆ సౌకర్యమున్న మిషన్లకు వక్త గొంతు నేరుగా అందుతుంది. అవధాని చెప్పే పద్యం తెర మీద పడితే చెవులున్నవాళ్ళకూ మేలే. వచ్చే ఉగాదికి ఈ రెండూ పెట్టండి. ఖర్చంటారా, శాలువాల పద్దులోంచి తీయండి.