నేలటిక్కెట్టులో మా అత్త

కోనసీమ అనగానే మన సినిమావాళ్ళ కెమెరా ముందు కొబ్బరిచెట్టు ఎక్కుతుంది, ఆనక కాలవలోకి దిగుతుంది, ఆ తర్వాత వోణీ వేసుకున్న అమ్మాయి వెనకాల గట్టెంబడి పడుతుంది. కాదనను, మూడూ ఉన్నాయి. కానీ మా ఇంట్లో పొద్దున్నే కళ్ళు నులుముకుంటూ లేస్తే కనిపించేది మాత్రం పొగ. ఎండు కొబ్బరాకులు మంట పెట్టి, బోర్లించిన కుండ మీద మా మేనత్త పూతరేకులు తీస్తూ ఉండేది.

మా ఊరు ఆత్రేయపురానికి దగ్గర్లోనే. బియ్యం నానేసి, మెత్తగా రుబ్బి, పాలంత పల్చగా కలిపిన పిండిలో గుడ్డముక్క ముంచి కుండ మీద ఒక్క లాగు లాగాలి. కన్ను మూసి తెరిచేలోగా రేకు లేస్తుంది. ఒక్క క్షణం ఆలస్యమైతే మాడిపోతుంది. ఆ మాడినవి మా పిల్లల వాటా. మంట మరీ సన్నగా ఉందని మేం దేవుడికి దణ్ణం పెట్టుకుని ఇంకో ఆకు తోసేవాళ్ళం లెండి. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది అత్త చేతికున్న కాలిన మచ్చలు.

అత్తని పెళ్ళయిన మూడో ఏట మావయ్య పుట్టింట్లో దింపి, వచ్చే నెల వస్తానని వెళ్ళేడు. ఆ వచ్చే నెల నేను పుట్టకముందు సంగతి. ఇంటాడపిల్ల రేకులు అమ్ముకోవడమేమిటని తాతయ్య ఏడాది పాటు ఆవిడతో మాట్లాడలేదు. అయినా రేకులు మాత్రం తినేవాడు.

ఇక సినిమా సంగతి. 1964లో పక్కూరి సంతపాక వెనక టూరింగు టాకీసు డేరా పడింది. ఘంటసాల వారి 'నమో వెంకటేశా' రికార్డు వినిపించిందంటే ఆట మొదలవబోతోందని లెక్క. అది చెవిన పడగానే గట్టు మీద నడిచే జనమంతా పరుగందుకునేవారు. ఉన్నది ఒక్కటే ప్రొజెక్టరు. రీలు మార్చినప్పుడల్లా ఇంటర్వెల్లు, ఇంటర్వెల్లు ఇచ్చినప్పుడల్లా గోళీసోడా. మా బోటివాళ్ళం ఇసక కుప్పగా పోసుకుని దాని మీద కూర్చునేవాళ్ళం. ముందువాడు కూడా పోసుకునేవాడు. మొదటి రీలు అయ్యేసరికి డేరాలో కొండలు లేచేవి.

ఆ డేరాకి 'లవకుశ' వచ్చింది. 1958లో మొదలై, డబ్బుల్లేక ఆగి, 1963లో బయటపడ్డ మన తొలి పూర్తి రంగుల చిత్రం. తండ్రి పుల్లయ్యగారు మొదలుపెడితే కొడుకు సి.ఎస్. రావుగారు పూర్తిచేశారు. మా మామ్మ పుల్లయ్యగారే తీసిన 1934 నాటి 'లవకుశ' కూడా చూసిన మనిషి. అందుకని రంగులున్నా లేకపోయినా ఎక్కడ ఏడవాలో ముందే తెలుసు. రెండు బళ్ళు కట్టించి అందర్నీ తీసుకెళ్ళింది. ఊళ్ళోవాళ్ళ చూపులకి జడిసి గుమ్మం దాటని అత్తని కూడా "రామాయణానికి రానిదానివి ఇంకెక్కడికొస్తావే!" అని బండెక్కించింది.

లక్ష్మణుడు సీతని అడవిలో దింపి వెనక్కి తిరిగేసరికి ఆడవాళ్ళ వైపు డేరా డేరా అంతా ముక్కులు చీదింది. అంజలీదేవి అలా ఏడుస్తుంటే మా మామ్మ ఇంకో ఆకు ఎక్కువే చదివింది. అత్త మాత్రం ఏడవలేదు. నేను ఆవిడ ఒళ్ళో కూర్చున్నాను కాబట్టి నాకు తెలుసు. చివర్న సీత భూమిలోకి వెళ్ళిపోయింది. బండిలో వస్తూ, చాలాసేపయ్యాక, చీకట్లో అంది:

"భూమిలోకి వెళ్ళడమెందుకమ్మా? వాల్మీకిగారి ఆశ్రమం బాగానే ఉంది కదా!"

ఎవ్వరూ మాట్లాడలేదు. ఎద్దుల మువ్వలు తప్ప.

పంట ఇంటికొచ్చాక మావయ్య తరఫున ముగ్గురు పెద్దమనుషులు దిగారు. గతం గతః అన్నారు. అతనికిప్పుడు వండిపెట్టే దిక్కు లేదన్నారు (అసలు సంగతి అదీ!). తాతయ్య మెత్తబడ్డాడు. పెట్టె సర్దమని అమ్మతో చెప్పేశాడు కూడా. పెరట్లోంచి అత్త లేవకుండానే జవాబు చెప్పింది.

"కుండ వేడెక్కిందండి బాబాయిగారూ! ఇప్పుడు దించితే పగిలిపోతుంది."

"దిగిందాకా ఆగుతాం లేమ్మా."

"రేపూ పెడతానండి. ఎల్లుండీ పెడతాను."

తాతయ్య కోపంగా లేవబోయాడు. మామ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి, "చెప్పిందిగా" అంది. మా ఇంట్లో తాతయ్య మాట మీద ఇంకో మాట పడ్డం నేను చూసింది అదే మొదటిసారి.

ఆ ఏడాది నుంచి ఊళ్ళో పేరంటాలకి అత్తని పిలవడం మానేశారు. రేకుల కోసం మాత్రం పెరటిదారిన వచ్చేవారు. 1967లో బాపుగారి 'సాక్షి' పులిదిండిలో తీస్తున్నారని తెలిసి ఊరు ఊరంతా షూటింగు చూడ్డానికి ఎగబడితే, అత్త నాకు చిల్లర చేతిలో పెట్టి వెళ్ళమంది. తను రాలేదు. పెళ్ళిళ్ళ సీజను, నూరు రేకుల బయానా ఉంది.

ఆ వచ్చిన పెద్దమనుషుల్ని ఉత్తచేతుల్తో పంపలేదు సుమండీ. ముగ్గురికీ మూడు పొట్లాలు కట్టి ఇచ్చింది. డబ్బులు లెక్కపెట్టి పుచ్చుకుంది.