‘ఏకవీర’లో విధి లేదు, పెద్దలున్నారు

విశ్వనాథ సత్యనారాయణ ‘ఏకవీర’ మీద సాహిత్య సభ పెడితే, ఎవరు మాట్లాడినా చివరికి విధి దగ్గరికే వచ్చి ఆగుతారు. సేతుపతి మనసు మీనాక్షి మీద, వీరభూపతి మనసు ఏకవీర మీద. పెళ్లిళ్లు తారుమారయ్యాయి, నాలుగు బతుకులు బుగ్గయ్యాయి. అదంతా నుదుటి రాతట! నేను ఒప్పుకోను. ఆ కథ జరిగే మధురలో సంబంధాలు కలిపింది గ్రహాలా? పిల్లల మనసులో ఎవరున్నారో పట్టించుకోకుండా ముహూర్తాలు పెట్టించింది పెద్దలు. చేసినవాళ్లను వదిలేసి రాతను తిట్టుకోవడం మనకు అలవాటైపోయింది. ఆ అలవాటు నవల దాకానే ఉంటే నాకింత కోపం వచ్చేది కాదు.

నిజామాబాద్ జిల్లాలో ఆ పెద్దలకు ఇప్పుడొక పేరుంది. గ్రామాభివృద్ధి కమిటీ, వీడీసీ. తీర్పులు చెప్పే అధికారం దానికి ఏ చట్టమూ ఇవ్వలేదు. అయినా బెల్టుషాపులకు వేలం పాట పెడుతుంది, దండుగలు వసూలు చేస్తుంది, మాట వినని ఇంటిని వెలేస్తుంది. భూమి పంచాయితీకీ అదే శిక్ష, కులం దాటిన పెళ్లికీ అదే శిక్ష. వెలేయడమంటే ఏమిటో పట్నంలో ఉన్నవాళ్లకు తెలియకపోవచ్చు. ఊర్లో టాంటాం వేయిస్తారు. ఆ ఇంటికి కిరాణా సామాను ఇయ్యొద్దు, హోటల్లో చాయ్ పోయొద్దు, వాళ్ల చేనులోకి కూలీలు పోవద్దు, ట్రాక్టర్ పోవద్దు. మాట్లాడినోళ్లకు దండుగ. పసుపు తవ్వే రోజుల్లో మనిషి దొరకకపోతే పంట భూమిలోనే ఉండిపోతుంది. అప్పు తెచ్చి పసుపు వేసిన తండ్రిని ఇట్లా నెలరోజులు పట్టుకుంటే చాలు, కులం దాటిన బిడ్డ మీదికి ఊరు పోనక్కర్లేదు, కన్నతండ్రే పోతాడు. ఈ పద్ధతిలోని అసలు క్రూరత్వం అదే. తర్వాత ఏదైనా జరిగితే పరువు కోసం తండ్రి చేశాడంటారు. కమిటీ పేరు ఎక్కడా రాదు.

బోధన్ వైపు ఇది మరీ అన్యాయం. నిజాంసాగర్ నీళ్లను నమ్ముకొని కోస్తా నుంచి వచ్చినవాళ్లు అక్కడ క్యాంపులు కట్టుకున్నారు. శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీలో తెలుగు, మరాఠీ, ఉర్దూ మాట్లాడేవాళ్లు ఒకే షిఫ్టులో పనిచేశారు. అందరి బండ్ల చెరుకూ ఒకే గానుగలో పడింది, ఏ రసం ఎవరిదని అడిగినవాడు లేడు. 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీ మూతపడితే, తెరవాలని కులమతాలు చూడకుండా రోడ్డెక్కారు. కూలికి, పోరాటానికి పనికొచ్చిన కలయిక పిల్లల పెళ్లి దగ్గర పాపమెట్లా అయింది?

పారిపోయిన జంటకైనా దారి ఉందా అంటే, మతాలు వేరై, మారడం ఇష్టం లేకపోతే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టమే దిక్కు. పేరు, వయసు, చేసే పని, ఉంటున్న చోటు, అక్కడ ఎన్నాళ్లుగా ఉంటున్నదీ, అన్నీ రాసిన నోటీసును ఆఫీసులో అందరికీ కనబడేచోట అంటిస్తారు. 30 రోజులు ఆగాలి. సొంత జిల్లా వేరైతే అక్కడి ఆఫీసుకూ ఒక కాపీ పోతుంది. కర్రలు పట్టుకొని వెతుకుతున్న అన్నదమ్ములకు సర్కారే చిరునామా రాసిచ్చినట్టు! జంట కోరితేనే ఆ నోటీసు వేయాలని 2021 జనవరిలో అలహాబాద్ హైకోర్టు చెప్పింది. దేశమంతటికీ ఆ మాటే చట్టం చేయడానికి పార్లమెంటుకు ఏమడ్డం?

ఇలాంటి జంటలకు జిల్లా జిల్లాకూ ప్రత్యేక సెల్ ఉండాలని 2018 మార్చిలో శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో మిర్యాలగూడలో, గర్భిణి అయిన భార్యను ఆసుపత్రిలో చూపించి బయటికొస్తున్న దళిత యువకుణ్ని వెనక నుంచి నరికేశారు. సుపారీ ఇచ్చింది పిల్ల తండ్రేనని, కోటి రూపాయల బేరమని పోలీసులు చెప్పారు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు నరికినవాడికి ఉరిశిక్ష, మిగిలిన నిందితులకు యావజ్జీవం వేసింది. బేరమాడి, అడ్వాన్సు ఇచ్చి చేయించిన చావును ఇంకా రాత అనేవాళ్లతో నాకు మాటల్లేవు.

సాలూర దాటి మంజీర అవతలికి పోతే మహారాష్ట్ర. సాంఘిక బహిష్కరణను నేరంగా చూసే చట్టం అక్కడ 2016లోనే చేశారు. వెలేసినవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. ఇవతల తెలంగాణలో దళితులకు, గిరిజనులకు అట్రాసిటీ చట్టం అండ ఉంది. మిగతా కులాల ఇంటిని వెలేస్తే పట్టుకోవడానికి అట్లాంటి ప్రత్యేక చట్టమే లేదు. ఎన్నికలప్పుడు వీడీసీ పెద్దలతో కూర్చొని ఊరి ఓట్లు గంపగుత్తగా మాట్లాడుకునే నాయకుడు తనంతట తాను అట్లాంటి చట్టానికి బిల్లు తేడు. బోధన్‌లో, బాన్సువాడలో, ఆర్మూర్‌లో, బాల్కొండలో ఓటడగడానికి వచ్చినవాణ్ని వాకిట్లోనే ఆపి, ఆ బిల్లు ఎప్పుడు పెడతావో తారీఖు చెప్పమని నిలదీయండి.