"వయసైపోయింది" అనేది జబ్బు పేరు కాదు

పోస్టు పెద్దదే. ఇంట్లో అరవై దాటిన మనిషి ఉన్నవాళ్ళు మాత్రం చివరిదాకా చదవండి.

మొన్న ఇక్కడే పక్షవాతం గురించి మాట వచ్చినప్పుడు ఒక అన్న రాశాడు: "ముసలాళ్ళకి పెద్ద వైద్యం ఎందుకు, ఆ డబ్బులు పిల్లల చదువుకి పెడితే మేలు." చాలామంది లైకులు కొట్టారు. ఇంకొకరేమో "మనవాళ్ళు ముందు పసరు వైద్యుడి దగ్గరికి పోతారు, అందుకే మంచాన పడతారు" అన్నారు. ఈ రెండు మాటలతోనూ నాకు పేచీ ఉంది. మొదటిది మనవాళ్ళని చావుకి వదిలేసే మాట. రెండోది ఆ తప్పుని ఆసుపత్రి గేటు బయటే ఆపేసే మాట.

ముందు జబ్బు సంగతి. మూతి వంకరపోవడం, చెయ్యి పడిపోవడం, మాట తడబడటం, ఇవన్నీ ఉన్నట్టుండి వస్తే అది గాలి సోకడం కాదు. మెదడుకి రక్తం తీసుకెళ్ళే నాళంలో గడ్డ అడ్డం పడింది, లేదా నాళం చిట్లింది. ఎక్కువమందిలో గడ్డే. గడ్డ అడ్డం ఉన్నంతసేపూ నిమిషానికి దాదాపు 19 లక్షల మెదడు కణాలు చచ్చిపోతాయని 2006లో లెక్క కట్టారు. గడ్డని కరిగించే ఇంజెక్షన్ పనిచేస్తుందని 1995లోనే తేలింది. అప్పుడు 3 గంటల లోపు ఇవ్వాలన్నారు. 2008లో ఆ గడువు నాలుగున్నర గంటలకి పెరిగింది. ఎంత ముందు ఇస్తే అంత మంచిది.

ఇక "వయసైపోయింది" దగ్గరికి వద్దాం. 2008 నాటి ఆ పరీక్షలో 80 దాటినవాళ్ళని అసలు చేర్చుకోలేదు. చేర్చుకోకుండానే "పెద్దవాళ్ళకి ఇది పనికిరాదు" అనే మాట చాలాచోట్ల పాతుకుపోయింది. తర్వాత 2012లో పెద్ద అంతర్జాతీయ పరీక్ష ఒకటి ఫలితాలు చెప్పింది. 3,035 మంది రోగులు, అందులో సగానికి పైగా 80 దాటినవాళ్ళే. వాళ్ళకీ మేలు జరిగింది, తక్కువేమీ కాదు. ప్రమాదం లేదని నేను అనట్లేదు. కొందరికి మెదడులో రక్తస్రావం అవుతుంది, అది ఏ వయసులోనైనా ఉన్నదే. ఎవరికి ఇవ్వాలి, ఎవరికి వద్దు అనేది స్కాన్ చూసి, బీపీ చూసి, టైము చూసి డాక్టరు తేల్చాలి. ఆధార్ కార్డులో పుట్టిన సంవత్సరం చూసి కాదు. మనవాళ్ళలో చాలామందికి ఆ సంవత్సరం కూడా ఎవరో అంచనాగా రాసిందే!

ఇప్పుడు "లేటుగా వస్తారు" అనే నింద. అంతర్వేది మ్యాపులో చూడండి. ఒకపక్క సముద్రం, ఒకపక్క వశిష్ఠ గోదావరి. అవతలి ఒడ్డున నర్సాపురం కళ్ళకి కనిపిస్తుంది, కానీ వెళ్ళాలంటే సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కాలి, లేదంటే చుట్టూ తిరిగి దిండి దగ్గర చించినాడ వంతెన పట్టుకోవాలి. ఇటువైపు అయితే మలికిపురం, రాజోలు, తాటిపాక, అమలాపురం. అక్కడా కాదంటే ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగా కాకినాడ పెద్దాసుపత్రి. వంద కిలోమీటర్ల పైమాటే. రాత్రి పదింటికి చెయ్యి పడిపోయిన మనిషిని చిన్న ఆసుపత్రి నుంచి పెద్ద ఆసుపత్రికి, అక్కడినుంచి ఇంకా పెద్దదానికి రాసి పంపిస్తూ పోతే నాలుగున్నర గంటలు రోడ్డు మీదే అయిపోతాయి. అప్పుడు కేసు షీటులో "ఆలస్యంగా తీసుకొచ్చారు" అని రాస్తారు. ఎవరు ఆలస్యం చేశారో ఆ కాగితం చెప్పదు.

పసరు పోయడం, పావురం రక్తం పూయడం తప్పు. ఖచ్చితంగా తప్పు, నేనెక్కడా వెనకేసుకురాను. కానీ ఒకటి అడుగుతా. పసరు వైద్యుడు అర్ధరాత్రి తలుపు తడితే లేస్తాడు. "ఇక్కడ చూడం, వేరే చోటికి పో" అనడు. అతనితో పోటీ పడాలంటే ఆసుపత్రి ముందు ఆ రెండు పనులు నేర్చుకోవాలి. తలుపు తెరవని చోటికి ఎందుకు రాలేదని మనవాళ్ళని అడగడం న్యాయం కాదు.

"చిన్న ఊళ్ళలో నరాల డాక్టర్లు ఉండరు కదా, ఏం చేస్తారు?" అనేవాళ్ళకి హిమాచల్ ప్రదేశ్ జవాబు. అక్కడ అన్నీ కొండలు, మన చింతూరు, మారేడుమిల్లి ఘాట్‌ల కంటే కష్టమైన దారులు. 2014 నుంచి అక్కడి జిల్లా ఆసుపత్రుల్లో మామూలు ఫిజీషియన్లే సీటీ స్కాన్ తీసి, ఫోన్లో నరాల డాక్టరుకి బొమ్మలు పంపి, ఆయన సలహా మీద ఇంజెక్షన్ ఇస్తున్నారు, ప్రభుత్వ ఖర్చుతో. కేరళలో "శిరస్" అనే పేరుతో జిల్లా ఆసుపత్రుల్లోనే పక్షవాతం వార్డులు పెట్టారు. అంతెందుకు, మన రాష్ట్రంలోనే గుండెపోటుకి ఇదే పద్ధతి నడుస్తోంది. చిన్న ప్రభుత్వాసుపత్రిలో ఈసీజీ తీసి పెద్దాసుపత్రికి పంపి, గడ్డ కరిగించే ఖరీదైన ఇంజెక్షన్ ఉచితంగా వేస్తున్నారు. ఆ మందే, మోతాదు మార్చి, మెదడులో గడ్డకీ వాడతారు. తేడా ఒక్కటే: మెదడుకైతే ముందు సీటీ స్కాన్ చూడాలి, రక్తస్రావం కాదని తేలాలి. అంటే రాత్రీ పగలూ నడిచే స్కాన్ ఒకటి, ఫోన్ ఎత్తే డాక్టరు ఒకరు. గుండెకి దొరికిన న్యాయం మెదడుకి ఎందుకు దొరకదు?

ఇంజెక్షన్ టైము దాటిపోయినా "ఇక చేసేదేం లేదు, తీసుకెళ్ళండి" అనే మాట అబద్ధం. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. అందుకని పేటలో ఎవరికి ఏ రిపోర్టు వచ్చినా ఫోటో తీసి హాస్టల్లో ఉన్న నాకే పంపుతారు. ఒక ఆసుపత్రి నుంచి నాలుగో రోజే ఇంటికి పంపేసిన ఒక మామ్మ గారి కాగితాలు అలాగే వచ్చాయి. మాత్రల పేర్లు ఉన్నాయి. మింగగలదా లేదా అని చూసినట్టు ఒక్క ముక్క లేదు. మనవరాలు గంజి పట్టింది, అది ఊపిరితిత్తుల్లోకి పోయింది, నిమ్ము చేసింది, పదో రోజున పోయింది. ఊళ్ళో అందరూ "పక్షవాతంతో పోయింది" అన్నారు. నాకైతే గంజితో పోయిందనిపించింది. ఆ పిల్ల తప్పు కాదు, ఎలా పట్టాలో దానికి ఎవరు చెప్పారని?

దీనికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. ఆస్ట్రేలియాలో 19 పక్షవాతం వార్డుల్లో జరిపిన పరీక్షలో, కొన్ని వార్డుల నర్సులు మూడే మూడు పద్ధతిగా చూసుకున్నారు: జ్వరం, షుగరు, మింగడం. 2011లో వచ్చిన ఆ ఫలితాల్లో, మూడు నెలల తర్వాత బతికుండి తమ పని తాము చేసుకునేవాళ్ళు స్పష్టంగా పెరిగారు. థర్మామీటరు, షుగరు మిషను, స్పూనుతో నీళ్ళు. ఇవి లేని ఆసుపత్రి ఉంటుందా? లేనిది ఆ మంచం మీద ఉన్నది కూడా మనిషే అన్న పట్టింపు.

"ఇంటికెళ్ళాక మీరే చేతులు కాళ్ళు ఆడించండి" అని ఇంకో మాట. మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1,250 మంది మీద దీన్ని పరీక్షించారు. ఇంట్లోవాళ్ళకి నేర్పించి వ్యాయామం వాళ్ళ చేతే చేయించారు. 2017లో ఫలితం వచ్చింది: నేర్పించినా, నేర్పించకపోయినా ఆరు నెలలకి దాదాపు సగం మంది చనిపోయారు లేదా వేరొకరి మీద ఆధారపడ్డారు. తేడా లేదు. కుటుంబం ప్రేమ చూపించగలదు, ఫిజియోథెరపిస్టు పని చెయ్యలేదు. మనలో అయితే ఆ బరువు మోసేది చదువు మానేసిన ఆడపిల్ల. పిల్లల చదువుకి డబ్బులు మిగల్చాలన్న అన్న ఇది కూడా లెక్కలో వేసుకోవాలి.

డబ్బు లెక్కే కావాలంటే అదీ చూద్దాం. పక్షవాతంతో మంచానికే పరిమితమైన మనిషికి మన ప్రభుత్వం నెలకి 15,000 పింఛను ఇస్తోంది. మంచిదే, ఇవ్వాలి. ఏడాదికి 1,80,000. మనిషి పడిపోయాక ఏళ్ళ తరబడి ఇంత ఇవ్వగలిగిన ప్రభుత్వం, పడిపోకుండా ఆపే ఇంజెక్షన్‌కి, ఫిజియోథెరపీకి ఒక్కసారి పెట్టలేదా?

మాఘమాసంలో లక్ష్మీనరసింహస్వామి కల్యాణానికి అంతర్వేదికి లక్షల మంది వస్తారు. ఆ నాలుగు రోజులూ మెడికల్ క్యాంపులు, అంబులెన్సులు, డాక్టర్లు అన్నీ వస్తాయి. అంటే తలుచుకుంటే ఈ ఊరికి వైద్యం రాగలదు. తీర్థం అయిపోయిన మర్నాడు కూడా ఇక్కడ మనుషులే ఉంటారు. షెడ్యూల్డ్ ఏరియాలో లేం కాబట్టి మైదానంలో ఉన్న మనబోటి ఎస్టీల పేరు ఏజెన్సీ లెక్కల్లోనూ ఉండదు, ఊరి పెద్దల లెక్కల్లోనూ ఉండదు.

అందుకని ఇవి అడుగుదాం. ఒకటి, ప్రతి ప్రభుత్వాసుపత్రి గేటు మీద బోర్డు పెట్టాలి: ఇక్కడ రాత్రిపూట సీటీ స్కాన్ ఉందా, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఉందా, లేకపోతే నేరుగా ఎక్కడికి వెళ్ళాలి. రెండు, 108 డ్రైవరుకి ఆ లిస్టు ఇచ్చి, మధ్యలో ఎక్కడా దించకుండా స్కాన్ ఉన్న చోటికే తీసుకెళ్ళమనాలి. మూడు, మింగడం పరీక్ష రాయకుండా ఏ పక్షవాతం రోగినీ డిశ్చార్జి చెయ్యకూడదు. నాలుగు, మండలానికి ఒక ఫిజియోథెరపిస్టు. ఈ నాలుగూ రాసి సోమవారం కలెక్టరు గారి గ్రీవెన్స్‌లో ఇద్దాం. అమలాపురం వైపు హాస్టళ్ళలో ఉన్నవాళ్ళు కింద పేరు పెట్టండి. రంపచోడవరం, చింతూరు వాళ్ళు మీ దగ్గర ఐటీడీఏలో ఇవ్వండి.

ఈలోగా ప్రతి ఒక్కరూ ఇంటికి ఫోన్ చేసి ఈ ముక్క చెప్పండి: మూతి వంకరపోయినా, చెయ్యి జారిపోయినా, మాట తేడా వచ్చినా నోట్లో నీళ్ళు పొయ్యొద్దు, మాత్ర వెయ్యొద్దు, ఎన్నింటికి మొదలైందో గుర్తుపెట్టుకుని 108కి చెయ్యండి. ఆసుపత్రిలో ఎవరైనా "వయసైపోయింది కదా" అంటే, "వయసు సంగతి మాకు తెలుసండి, స్కాన్‌లో ఏముందో చెప్పండి" అని అడగండి.